ఏ తేదీ ప్రకారము? డాష్‌బోర్డు లెక్కలపై ఒక విమర్శ

పూర్వము గుర్రపు బండ్లకు ముందు భాగమున ఒక పలకను అమర్చెడివారు. గుర్రపు డెక్కల నుండి ఎగసిన బురద బండిలోనివారిపై పడకుండ అది అడ్డుకొనెడిది. ఇంగ్లీషులో దానికి డాష్‌బోర్డు అని పేరు. మోటారు కార్లు వచ్చిన తరువాత అదే తావున వేగమును, పెట్రోలును తెలుపు ముళ్ళు చేరినవి. పేరు మాత్రము మారలేదు. నేడు వ్యాపార సంస్థల లెక్కలను, ప్రభుత్వ శాఖల లెక్కలను కంప్యూటరు తెరపై గ్రాఫులుగా, పట్టికలుగా ఒక్క చూపులో చూపు నివేదికకు కూడ ఆ పేరే నిలిచినది. కారులోని ముల్లు ఈ క్షణపు వేగమును చెప్పును. తెరమీది డాష్‌బోర్డు చెప్పు సంగతి ఏ కాలమునకు చెందినదో వెంటనే తెలియదు. ఈ వ్యాసములోని విమర్శకు ఆ లోపమే మూలము.

ఇట్టి నివేదికలలో చాలవాటికి పై మూలను ఒక చిన్న గడి ఉండును. "తేదీ: మార్చి 1 నుండి మార్చి 31 వరకు" అని అందులో వ్రాసి ఉండును. అది ఒక వడపోత. ఆ రెండు హద్దుల మధ్యనున్న లెక్కలు మాత్రమే తెరపై నిలిచి, తక్కినవి తొలగిపోవును. చూచుటకు ఇంతకన్న సులభమైన పని లేదు. కాని ఒకే లావాదేవీకి రెండు మూడు తేదీలు ఉన్నప్పుడు ఆ గడి దేనిని వడపోయుచున్నది? ఈ ప్రశ్నకు జవాబు తెరపై లేని నివేదికను, అది ఎన్ని రంగులతో మెరసినను, మంచి నివేదిక అనుటకు వీలులేదు.

ఒక వర్తకుని పుస్తకము

మాటలకన్న లెక్క మేలు. పాఠశాలల ప్రయోగశాలలకు గాజు సామాను అమ్ము ఒక వర్తకుని ఊహింపుడు. 2025 సంవత్సరములో అతని పుస్తకమున ఆరు ఆర్డర్లు ఈ విధముగ ఉన్నవనుకొందము.

1వ ఆర్డరు, రూ. 4,000: ఆర్డరు వచ్చినది ఫిబ్రవరి 26, సరుకు పంపినది మార్చి 2, సొమ్ము ముట్టినది మార్చి 20.
2వ ఆర్డరు, రూ. 3,000: వచ్చినది మార్చి 5, పంపినది మార్చి 8, ముట్టినది మార్చి 8.
3వ ఆర్డరు, రూ. 6,000: వచ్చినది మార్చి 12, పంపినది మార్చి 15, ముట్టినది ఏప్రిల్ 10.
4వ ఆర్డరు, రూ. 5,000: వచ్చినది మార్చి 28, పంపినది ఏప్రిల్ 3, ముట్టినది ఏప్రిల్ 3.
5వ ఆర్డరు, రూ. 2,000: వచ్చినది మార్చి 30, సరుకు ఇంకను పంపలేదు, సొమ్ము ముందుగనే మార్చి 30న ముట్టినది.
6వ ఆర్డరు, రూ. 7,000: వచ్చినది ఫిబ్రవరి 20, పంపినది ఫిబ్రవరి 24, ముట్టినది మార్చి 6.

ఇప్పుడు "మార్చి నెల అమ్మకము ఎంత?" అని అడుగుదము. ఆర్డరు తేదీని పట్టి చూచినచో 2, 3, 4, 5 ఆర్డర్లు కలసి రూ. 16,000 అగును. సరుకు పంపిన తేదీని పట్టినచో 1, 2, 3 కలసి రూ. 13,000 అగును. సొమ్ము ముట్టిన తేదీని పట్టినచో 1, 2, 5, 6 కలసి మరల రూ. 16,000 అగును.

ఇందులో ఒక చమత్కారమున్నది. మొదటి లెక్కయు మూడవ లెక్కయు రూ. 16,000 వద్ద కలసినవి. గుమాస్తా ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి, "చూచితిరా, ఏ తేదీతో చూచినను ఒకటే" అని అనవచ్చును. కాని ఆ రెండు మొత్తములలోను ఉన్నవి 2వ ఆర్డరు, 5వ ఆర్డరు మాత్రమే. వాటి విలువ రూ. 5,000. తక్కిన రూ. 11,000 పూర్తిగ వేరువేరు ఆర్డర్లవి. మొత్తములు సమానమైనంత మాత్రమున లెక్కలు ఒకటి కావు. ప్రయోగశాలలో రెండు తప్పులు ఒకదానినొకటి కొట్టివేసి సరియైన జవాబు వచ్చుట మన విద్యార్థులు ఎరుగుదురు. ఇదియు అట్టి మోసమే.

మరి ఈ మూడింటిలో ఏది నిజము? మూడును నిజమే. ఆర్డరు తేదీ గిరాకీని తెలుపును. పంపిన తేదీ జరిగిన పనిని తెలుపును. సొమ్ము ముట్టిన తేదీ పెట్టెలోని రొక్కమును తెలుపును. వచ్చే నెలకు ఎంత గాజు తెప్పించవలెనో నిర్ణయించువానికి మొదటిది కావలెను. కూలీలకు పని లెక్క కట్టువానికి రెండవది కావలెను. బ్యాంకు వాయిదా చెల్లించువానికి మూడవది కావలెను. తేదీ పేరు చెప్పని గడి ఈ ముగ్గురికి ఒకే జవాబు ఇచ్చి, ఇద్దరిని దారి తప్పించును.

రెండు వడపోతలు కలసినప్పుడు

"అట్లయినచో మూడు తేదీలకు మూడు గడులు పెట్టినచో సరిపోవును కదా" అని కొందరు తలంతురు. పెక్కు డాష్‌బోర్డులలో అట్లే పెట్టుదురు కూడ. కాని దానివలన మరియొక చిక్కు వచ్చును. మూడు గడులలోను "మార్చి" అని నింపినచో యంత్రము వాటిని "మరియు" అను మాటతో కలుపును. అనగా ఆర్డరు మార్చిలో వచ్చి, మార్చిలోనే పంపబడి, మార్చిలోనే సొమ్ము ముట్టినవి మాత్రమే నిలుచును. మన పుస్తకములో అట్టిది 2వ ఆర్డరు ఒక్కటే, తెరపై రూ. 3,000 కనిపించును. చూచువాడు మాత్రము "మార్చితో సంబంధమున్నవన్నియు" కోరి ఉండవచ్చును. దానికి "లేక" అను మాటతో కలుపవలెను. అప్పుడు ఆరు ఆర్డర్లును వచ్చి మొత్తము రూ. 27,000 అగును. మూడు వేలకును, ఇరువది యేడు వేలకును మధ్యనున్నది ఒక్క చిన్న మాట. ఆ మాట తెరపై ఎక్కడను వ్రాయబడదు. గణితమున సమితులను బోధించు ఉపాధ్యాయులు ఛేదనమునకు, సమ్మేళనమునకు గల భేదమును వివరించుటకు ఇంతకన్న మంచి ఉదాహరణము దొరకుట అరుదు.

ఖాళీ గడి సంగతి ఇంకను సూక్ష్మము. 5వ ఆర్డరుకు పంపిన తేదీ లేదు. పంపిన తేదీపై ఏ హద్దులు పెట్టినను, అవి ఎంత విశాలముగ ఉన్నను, ఆ ఆర్డరు వడపోతలో జారిపోవును. ఖాళీ గడి ఏ హద్దులకును లోబడదు. సరుకు అందక ఎదురుచూచుచున్న పాఠశాలయే ఆ నివేదికలో కనపడకుండ పోవును. మనము ఎవరిని ముందుగ చూడవలెనో వారే తెరమీద లేరు.

దీని ఫలితమును సగటులో చూడవచ్చును. ఆర్డరు వచ్చిన తరువాత సరుకు పంపుటకు ఎన్ని దినములు పట్టుచున్నది? మార్చి 31 సాయంకాలము, మార్చిలో వచ్చిన ఆర్డర్లను చూచినచో 2వ దానికి 3 దినములు, 3వ దానికి 3 దినములు. సగటు 3 దినములు. 4వ ఆర్డరు, 5వ ఆర్డరు ఇంకను వెళ్ళలేదు కనుక లెక్కలోనికి రావు. యజమాని సంతోషించును. ఏప్రిల్ 15న అదే నివేదికను అదే నెలకు మరల తెరచినచో 4వ ఆర్డరు 6 దినములతో చేరి సగటు 4 దినములగును. 5వది అప్పటికిని వెళ్ళనిచో, అది 16 దినములుగ నిలిచియున్నను ఆ సగటులో లేదు. క్రొత్త నెలల సగటు ఎప్పుడును పాత నెలల సగటుకన్న బాగున్నట్లు తోచుటకు కారణము ఇదియే కావచ్చును. ఆలస్యమైనవి ఆలస్యముగ లెక్కలోనికి వచ్చును. అందువలన ఇటీవలి కాలము ఎల్లప్పుడును చురుకుగ ఉన్నట్లు కనిపించును.

జలాశయపు లెక్క

ఒక్క తేదీతో చెప్పజాలని ప్రశ్నలు ఇంకొక జాతివి ఉన్నవి. "మార్చి 31 రాత్రికి పంపవలసిన సరుకు ఎంత మిగిలియున్నది?" అను ప్రశ్న అట్టిది. దీనికి వడపోత రెండు తేదీలపై రెండు విధములుగ ఉండవలెను: ఆర్డరు తేదీ మార్చి 31 లేక అంతకు ముందుది కావలెను, పంపిన తేదీ మార్చి 31 తరువాతిదైనను కావలెను, ఖాళీగనైనను ఉండవలెను. అట్లు చూచినచో 4వ, 5వ ఆర్డర్లు దొరకును, విలువ రూ. 7,000. "ఇంత నుండి ఇంత వరకు" అను జారుడు పట్టీని ఎంత జరిపినను ఈ జవాబు రాదు.

ఈ అంకెను సరిచూచుటకు ఒక మంచి ఉపాయమున్నది. జలాశయములో నెల మొదట ఉన్న నీటికి, నెలలో వచ్చిన నీటిని కలిపి, వెళ్ళిన నీటిని తీసివేసినచో, ఆవిరియగు నీటిని విడిచిపెట్టినచో, నెల చివర నీరు తేలును. మన వర్తకునికి ఫిబ్రవరి 28 రాత్రికి పంపవలసినది 1వ ఆర్డరు, రూ. 4,000. మార్చిలో వచ్చిన ఆర్డర్లు రూ. 16,000. మార్చిలో పంపినది రూ. 13,000. నాలుగునకు పదునారు కలిపి పదమూడు తీసివేసినచో ఏడు. సరిపోయినది! ఇచ్చట ఆర్డరు తేదీ లెక్కయు, పంపిన తేదీ లెక్కయు ఒకదానితో ఒకటి పోట్లాడుటలేదు. ఒకటి జలాశయములోనికి వచ్చు ప్రవాహము, మరియొకటి వెలుపలికి పోవు ప్రవాహము. రెండింటిని చూపి, నిలువను కూడ చూపిన నివేదిక తన్ను తానే తనిఖీ చేసికొనగలదు. ఒక్క ప్రవాహమునే చూపి ఊరుకొను నివేదికకు ఆ గుణము లేదు.

పనిముట్టులో ఉన్న దోషము, లేని దోషము

ఈ చిక్కు క్రొత్తదికాదు. పనిముట్లు చేసినవారు ఎరుగనిదియు కాదు. లెక్కల గిడ్డంగులను నిర్మించు విద్యపై పేరుపొందిన గ్రంథములు వ్రాసిన రాల్ఫ్ కింబాల్, ఒకే క్యాలెండరు పట్టిక పలు పాత్రలను ధరించు రీతిని వివరించెను. ఒకే నటుడు ఒక అంకములో రాజుగను, మరియొక అంకములో మంత్రిగను వచ్చినట్లు, ఒకే క్యాలెండరు ఒకచోట ఆర్డరు తేదీగను, మరియొకచోట పంపిన తేదీగను పనిచేయును. మైక్రోసాఫ్టు సంస్థ అభ్యాసమునకై ఇచ్చు అడ్వెంచర్ వర్క్స్ అను కల్పిత సైకిళ్ళ వ్యాపారపు లెక్కలలో కూడ ప్రతి అమ్మకమునకు ఆర్డరు తేదీ, గడువు తేదీ, పంపిన తేదీ అని మూడు ఉన్నవి.

అదే సంస్థ 2015లో విడుదల చేసిన పవర్ బీఐ అను పనిముట్టు నేడు విరివిగ వాడుకలో ఉన్నది. అందులో అమ్మకముల పట్టికకును, క్యాలెండరు పట్టికకును మధ్య ఎన్ని దారులైనను గీయవచ్చును గాని, ఒక సమయమున ఒక్క దారి మాత్రమే చురుకుగ ఉండును. తక్కినవి చుక్కల గీతలుగ నిద్రించుచుండును. వాటిని మేల్కొలుపుటకు యూజ్‌రిలేషన్‌షిప్ అను ఆజ్ఞను సూత్రములో వ్రాయవలెను; లేదా క్యాలెండరుకు మరియొక ప్రతి చేసి దానికి వేరొక పేరు పెట్టవలెను.

ఈ ఏర్పాటును కొందరు లోపమని నిందింతురు. ఆ నింద న్యాయమైనది కాదని నా అభిప్రాయము. రెండు దారులు ఒకేసారి తెరచియున్నచో "మార్చి" అను మాటకు రెండు అర్థములు వచ్చి యంత్రము ఏ జవాబు ఇచ్చుచున్నదో దానికే తెలియకుండ పోవును. ఒక్క దారినే తెరచియుంచుట శాస్త్రీయమైన జాగ్రత్త. అసలు దోషము మరియొకచోట ఉన్నది. ఏ దారి తెరచియున్నదో నిర్మించినవానికి కనిపించును, చూచువానికి కనిపించదు. నిర్మించువాడు మొదటి దినమున ఏ తేదీని చురుకుగ ఉంచెనో అదే తరువాత ఏండ్ల తరబడి సంస్థయంతటికి "తేదీ"యై కూర్చుండును. ఒక మనిషి ఒక మధ్యాహ్నమున చేసిన ఎన్నిక ప్రకృతి నియమమువలె చెలామణి అగును. పనిముట్టు అడిగిన ప్రశ్నకు జవాబిచ్చుచున్నది; ప్రశ్నను దాచినది మనమే.

ప్రాణములతో ముడిపడిన అంకెలు

వర్తకుని పుస్తకములో తేదీ మారినచో కొన్ని వేల రూపాయలు అటునిటు అగును. ప్రజల ఆరోగ్యపు లెక్కలలో తేదీ మారినచో భయమును, ధైర్యమును కూడ అటునిటు అగును. కోవిడ్ కాలపు సంఘటనలు ఇందుకు సాక్ష్యము.

బ్రిటను ప్రభుత్వపు కోవిడ్ డాష్‌బోర్డు రోగుల సంఖ్యను రెండు విధముల చూపెడిది: పరీక్షకు నమూనా తీసిన తేదీని పట్టి ఒకటి, లెక్క ప్రకటించిన తేదీని పట్టి ఒకటి. 2020 సెప్టెంబరు 25కును అక్టోబరు 2కును మధ్య 15,841 రోగుల వివరములు దినసరి ప్రకటనలలో చేరకుండ పోయినవి. ప్రయోగశాలల నుండి వచ్చిన జాబితాలను 65,536 వరుసలకు మించి పట్టని పాత రకపు ఎక్సెల్ దస్త్రములలో నింపుటయే దానికి కారణమని తరువాత వెల్లడియైనది. వదలిపోయిన వారిని కలిపినందున అక్టోబరు 3న 12,872 మంది, అక్టోబరు 4న 22,961 మంది క్రొత్త రోగులని ప్రకటన వెలువడెను. ప్రకటన తేదీ గ్రాఫును చూచినవానికి రెండు దినములలో వ్యాధి ఒక్కసారి విరుచుకుపడినట్లు తోచును. నమూనా తేదీ గ్రాఫులో అదే జనము తమ తమ దినములలో సర్దుకొని కూర్చుండిరి. అచ్చట కొండ లేదు, క్రమముగ ఎక్కుచున్న వాలు మాత్రమే ఉన్నది. కాని దీనినుండి ప్రకటన తేదీ పనికిమాలినదని తీర్మానింపరాదు. వ్యవస్థలో ఏదో తెగినదని చెప్పినది ఆ రెండు ఎత్తైన స్తంభములే. నమూనా తేదీ వ్యాధి చరిత్రను చెప్పును. ప్రకటన తేదీ లెక్కించు యంత్రాంగపు చరిత్రను చెప్పును. ఆ రోగులకు తమ ఫలితములు అందినవి గాని, వారితో మెలగినవారిని వెదకు పని ఆలస్యమైనది. ఆ ఆలస్యమును కొలుచుటకు రెండు తేదీలును కావలసినదే.

అదే సంవత్సరము ఆగస్టు 12న మరియొక మార్పు జరిగెను. అంతవరకు ఇంగ్లండులో, ఎన్నడైనను కోవిడ్ పరీక్షలో రోగి అని తేలిన వ్యక్తి తరువాత ఎప్పుడు మరణించినను ఆ మరణము లెక్కలో చేరుచుండెడిది. పరీక్ష తేదీకిని మరణ తేదీకిని మధ్య 28 దినములకు మించని మరణములనే లెక్కించవలెనని నిర్ణయించిరి. ఇది రెండు తేదీ గడుల తేడాపై పెట్టిన వడపోత. ఆ ఒక్క వడపోతతో బ్రిటను మరణముల మొత్తము 46,706 నుండి 41,329కి దిగెను, 5,377 తగ్గినవి. ఆ దినమున ఎవరును బ్రతికి రాలేదు. నియమము మారినది, అంకె మారినది. నియమమును బాహాటముగ ప్రకటించిరి కనుక లోకము దానిని అర్థము చేసికొనగలిగినది. అదే మార్పు చప్పుడు కాకుండ ఒక గడి వెనుక జరిగియుండినచో?

మన దేశములో 2021 జూన్ 9న బీహారు ప్రభుత్వము తన కోవిడ్ మరణముల లెక్కను సవరించి 5,458 నుండి 9,429కి పెంచెను. అందులో 3,951 పూర్వపు మరణములు; పరిశీలనలో బయటపడినవి. మరునాటి దేశపు లెక్కలో ఒక్క దినమున 6,148 మరణములని వచ్చెను. వాటిలో సగముకన్న ఎక్కువ ఆ దినమువి కావు. దినసరి గ్రాఫులో నేటికిని ఆ స్తంభము అట్లే నిలిచియున్నది. పక్కన వివరణ లేనిచో, జూన్ 10న దేశమున మహా విపత్తు సంభవించినదని భావి విద్యార్థి వ్రాసికొనును. మరణించినవారికి వారి వారి దినములు దక్కలేదు.

బ్రిటను డాష్‌బోర్డును ఈ దృష్టితో విమర్శించినచో మెచ్చవలసినది ఎక్కువ. రెండు తేదీలను రెండు పేర్లతో చూపినది. నమూనా తేదీ గ్రాఫులో చివరి కొలది దినముల లెక్క అసంపూర్ణమని వేరుగ గుర్తించినది. కాని పుట పైభాగమున పెద్ద అక్షరములలో నిలిపినది ఆ దినపు ప్రకటన సంఖ్యనే. వార్తలకు ఎక్కినది అదే. వారాంతమున కచేరీలు మందగించుటచే తగ్గి, వారము మధ్యలో పెరుగు ఆ సంఖ్యను వ్యాధి ఊపిరిగా జనము చదివిరి. మంచి గ్రాఫును క్రింద దాచి, బలహీనమైన అంకెకు పెద్ద పీట వేయుట ఆ నివేదికలోని ముఖ్య దోషము.

జరిగిన కాలము, తెలిసిన కాలము

విజ్ఞాన శాస్త్రములో ఈ భేదము మనకు చిరపరిచితము. 1987 ఫిబ్రవరిలో పెద్ద మెగెల్లానిక్ మేఘములో ఒక నక్షత్రము ప్రేలుట ఖగోళజ్ఞులు చూచిరి. ఆ మేఘము మనకు 1,60,000 కాంతి సంవత్సరములకు దూరమున ఉన్నది. 1987 మనము చూచిన తేదీ. ప్రేలినది అంతకు 1,60,000 సంవత్సరముల క్రిందట. నక్షత్రపు పేరులో చూచిన సంవత్సరము ఉండుట తప్పుకాదు, ఆ రెండింటిని కలగాపులగము చేయకున్నంత వరకు.

లెక్కల నిధులను గురించి పరిశోధించినవారు కూడ ఈ భేదమునకు పేర్లు పెట్టిరి. 1985లో రిచర్డ్ స్నాడ్‌గ్రాస్, ఇల్‌సూ ఆన్ అనువారు ఒక సంగతి లోకమున నిజమైయున్న కాలమును, అది నిధిలో నమోదైయున్న కాలమును వేరు చేసి చూపిరి. 2011లో వెలువడిన ఎస్‌క్యూఎల్ భాషా ప్రమాణములో ఈ రెండు కాలములను ఉంచుటకు ఏర్పాట్లు చేరినవి. కావున సాధనము లేదని చెప్పుటకు వీలులేదు. రెండును దాచిన సంస్థ మాత్రమే, "మార్చి 31 సాయంకాలము మనకు ఏమి తెలియును? నేడు ఆ మార్చిని గురించి ఏమి తెలియును?" అను రెండు ప్రశ్నలకు వేర్వేరుగ జవాబు చెప్పగలదు. నిన్నటి తీర్పును నేటి జ్ఞానముతో నిందింపకుండుటకు ఈ రెండు జవాబులును అవసరము.

హద్దులవద్ద ఇంకొక చిన్న ప్రమాదము పొంచియుండును. గడిలో తేదీతో పాటు గంట, నిమిషము కూడ నమోదగుచున్నప్పుడు "మార్చి 31 వరకు" అని వ్రాసినచో యంత్రము దానిని మార్చి 31 ప్రారంభపు అర్ధరాత్రిగ తీసికొనవచ్చును. అప్పుడు ఆ దినపు వ్యాపారమంతయు మాయమగును. ఆర్థిక సంవత్సరము మార్చి 31తో ముగియు మన దేశములో ఇది చిన్న సంగతి కాదు. "మార్చి 1 మొదలు, ఏప్రిల్ 1కి లోపుగ" అని వ్రాయుట సురక్షితము. ఇట్లే, లెక్కను అంతర్జాతీయ కాలములో నమోదు చేయు యంత్రములు కలవు. మన కాలము దానికన్న అయిదున్నర గంటలు ముందు. హైదరాబాదులో ఏప్రిల్ 1 తెల్లవారుజామున 2 గంటలకు వచ్చిన ఆర్డరు ఆ యంత్రములో మార్చి 31 రాత్రి 8-30కి చేరి, వెనుకటి ఆర్థిక సంవత్సరములో పడును.

నివేదికను అడుగవలసినవి

ఈ విమర్శ సారమును నాలుగు కోరికలుగ చెప్పవచ్చును. ఒకటి: తేదీ గడికి "తేదీ" అని కాక, "ఆర్డరు తేదీ", "పంపిన తేదీ" అని పూర్తి పేరు ఉండవలెను, గ్రాఫు శీర్షికలోను అదే పేరు రావలెను. రెండు: ఒకటికి మించిన తేదీ వడపోతలున్నచో అవి "మరియు"తో కలియుచున్నవో, "లేక"తో కలియుచున్నవో మాటలలో వ్రాయవలెను. మూడు: తేదీ ఖాళీగ ఉన్నందున జారిపోయిన వాటి సంఖ్యను పక్కనే చూపవలెను, ఇటీవలి దినముల లెక్క ఇంకను నిండలేదని గుర్తుపెట్టవలెను. నాలుగు: రాక, పోక, నిలువ మూడును చూపి జలాశయపు లెక్కతో సరిచూడవలెను. ఈ నాలుగును తీర్చుటకు క్రొత్త యంత్రములు అక్కరలేదు. ఉన్న యంత్రముతో చేయదగినవే.

దీనిని పాఠశాలలోనే అభ్యసింపవచ్చును. ప్రతి గ్రంథాలయపు రిజిస్టరులోను పుస్తకము ఇచ్చిన తేదీ, తిరిగి ఈయవలసిన తేదీ, తిరిగి వచ్చిన తేదీ ఉండును. ఒక నెలను ఎంచుకొని విద్యార్థులను మూడు జట్లుగ విభజించి, "ఈ నెల గ్రంథాలయపు పని ఎంత?" అని ఒక్కొక్క జట్టుచే ఒక్కొక్క తేదీతో లెక్క కట్టింపుడు. మూడు జవాబులను నల్లబల్లపై వ్రాసి, ఏ జవాబు ఏ ప్రశ్నకు చెందునో చర్చింపుడు. తరువాత నెలాఖరు రాత్రికి ఎన్ని పుస్తకములు వెలుపల ఉన్నవో రెండు తేదీలతో లెక్కించి, బీరువాలో లేని పుస్తకములతో సరిచూడుడు. అంకెలు కలియని పక్షమున రిజిస్టరులో ఒక ఖాళీ గడి దొరకును. ఆ గడి ఎదుట ఎవరో ఒక విద్యార్థి పేరు, ఇంకను తిరిగి రాని పుస్తకము పేరు ఉండును. ఏ వడపోత దానిని ఇంతకాలము దాచినదో ఆ విద్యార్థులే చెప్పగలరు.